స్పిండిల్‌కు పట్టేసిన డ్రిల్ చక్‌ను పాడు కాకుండా విప్పడం ఎలా?

సముద్రతీరం (తిరువొత్తియూరు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కరెంటుతో నడిచే 13 మి.మీ. ఇంపాక్ట్ డ్రిల్ ఒకటి ఉంది. బిట్‌ను పట్టుకునే ముందు భాగమైన చక్‌ను కీతో బిగించే రకం. దాని చక్ దవడలు అరిగిపోయాయి. సన్నని బిట్లను ఎంత బిగించినా, కాంక్రీటు గోడలో రంధ్రం వేస్తుండగా బిట్ దవడల మధ్య జారి తిరుగుతోంది. మోటారు, గేర్లు, స్విచ్చి అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టి యంత్రాన్ని పారవేయడం నాకు ఇష్టం లేదు. కొత్త చక్ మాత్రం వేయాలని అనుకుంటున్నాను.

ఇబ్బంది ఏమిటంటే పాత చక్ స్పిండిల్‌ను, అంటే మోటారు తిప్పే ఇరుసును, వదలడం లేదు. మా ఇల్లు సముద్రానికి దగ్గర కావడంతో ఉప్పుగాలికి ఇనుప వస్తువులన్నీ తుప్పు పడుతూనే ఉంటాయి. చక్ వెనక అంచు చుట్టూ కూడా ఎర్రటి తుప్పు కనిపిస్తోంది. ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, బలంగా కొట్టి తీయాలనీ, స్పిండిల్ వంగితే తమ బాధ్యత లేదనీ అన్నారు. ఆ మాట విని డ్రిల్లును వెనక్కి తెచ్చుకున్నాను. అనుభవం ఉన్నవారు పద్ధతి చెప్పగలరా?

అంబత్తూరు టర్నర్

దుకాణంలో ఇవ్వకుండా తెచ్చుకోవడం మంచిదైంది. బలం ప్రయోగించే ముందు, ఆ చక్ స్పిండిల్‌కు ఎన్ని రకాలుగా పట్టుకుని ఉందో తేల్చుకోవాలి. చేతి డ్రిల్లులలో చక్ సాధారణంగా మరతో స్పిండిల్‌పైకి ఎక్కి ఉంటుంది. అది కుడి మర, అంటే సవ్యదిశలో తిప్పితే బిగిసేది. డ్రిల్లు ముందుకు తిరిగి పని చేసే ప్రతిసారీ ఎదురయ్యే ఒత్తిడి చక్‌ను స్పిండిల్‌పైకి ఇంకా బిగిస్తుంది. ఏళ్ల తరబడి వాడిన చక్ చేతికి కదలకపోవడానికి తుప్పు కంటే ఇదే పెద్ద కారణం.

మీ డ్రిల్లులో వెనక్కి తిప్పే స్విచ్చి ఉందా? ఉంటే చక్ లోపల మరొక స్క్రూ తప్పకుండా ఉంటుందని అనుకోండి. వెనక్కి తిరిగేటప్పుడు చక్ ఊడిపోకుండా ఆపడానికే దానిని పెడతారు, అందుకే దానికి ఎడమ మర, అంటే అపసవ్య దిశలో తిప్పితే బిగిసేది, ఉంటుంది. చక్ విప్పుకోవడానికి ప్రయత్నిస్తే ఆ స్క్రూ బిగుసుకుంటుంది. ఆ స్క్రూ ఉండగా చక్‌ను విప్పే దిశలో ఎంత కొట్టినా మనం దానిని బిగిస్తూనే ఉంటాం, చివరికి స్క్రూ తల తెగుతుంది, లేదా గేరు పళ్లు విరుగుతాయి. ముందుకు మాత్రమే తిరిగే పాత డ్రిల్లులలో ఈ స్క్రూ ఉండదు.

కాబట్టి ముందుగా ప్లగ్ తీసేయండి. దవడలను పూర్తిగా లోపలికి వెళ్లేదాకా తెరిచి, టార్చి వేసి అడుగు భాగం చూడండి.

ఉలిబాడిత (వేళచ్చేరి)

టర్నర్ గారు చెప్పిన స్క్రూ తీసిన తరువాత మిగిలే పని నేను రాస్తాను, ఎందుకంటే వడ్రంగం పనిలో మేము చక్‌లను మార్చుకుంటూనే ఉంటాం.

పెద్ద ఎల్ ఆకారపు అలెన్ కీ, 10 మి.మీ.ది అయితే మంచిది, ఒకటి తీసుకుని దాని పొట్టి కొమ్మును చక్‌లో పెట్టి, కీతో మూడు రంధ్రాల దగ్గరా గట్టిగా బిగించండి. డ్రిల్లును బల్ల అంచున పక్కకు పడుకోబెట్టి, చక్ మాత్రం బల్ల బయటికి వచ్చేలా చూసుకోండి. మీరు డ్రిల్లు వెనక, అంటే పిడి వైపు నిలబడి చూస్తే, అలెన్ కీ పొడవాటి కొమ్ము కుడివైపు అడ్డంగా ఉండాలి. ఆ కొమ్ము చివర సుత్తితో పైనుంచి కిందికి ఒక్కసారి చురుగ్గా కొట్టాలి. ముందు నుంచి చూసేవారికి చక్ అపసవ్య దిశలో కదులుతుంది, అదే విప్పే దిశ. రెండు వేగాల గేరు ఉన్న డ్రిల్లు అయితే తక్కువ వేగంలో పెట్టుకోండి.

చాలామంది చక్ కీనే రంధ్రంలో పెట్టి దాని మీద కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. కీ పళ్లు చెడతాయి, కీ ముక్కు కూర్చునే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. చక్ విప్పలేకపోతే ఆ పాత చక్‌తోనే ఇంకొంత కాలం గడపవలసి రావచ్చు, అప్పుడు ఆ కీ ఇక పట్టదు.

పాత ఫోర్‌మన్ (పెరంబూరు)

నాకు కొట్టడం అన్న పద్ధతి మీద గౌరవం లేదు. స్పిండిల్‌కు ముందు బేరింగు, దాని వెనక గేరు, గేరును పట్టుకునే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం తొడుగు ఉంటాయి. దెబ్బ వాటన్నిటి మీదుగా ప్రయాణిస్తుంది. కొన్ని డ్రిల్లులలో చక్ వెనక స్పిండిల్‌కు రెండు వైపులా చదును చేసిన భాగం ఉంటుంది. అక్కడ పలుచని స్పానర్ పెట్టి పట్టుకుని, చక్‌లో బిగించిన అలెన్ కీకి పొడవాటి పైపు తొడిగి నెమ్మదిగా తిప్పితే, బలమంతా స్పిండిల్ మీదే నిలుస్తుంది, గేర్ల దాకా పోదు. మంచి పనివాడు ముందు ఆ చదును కోసం చూస్తాడు.

అంబత్తూరు టర్నర్

ఫోర్‌మన్ గారూ, చదును ఉన్న స్పిండిల్ అయితే మీ మాటకు తిరుగు లేదు. అది లేని డ్రిల్లు విషయంలో మాత్రం నేను విభేదిస్తున్నాను. స్పిండిల్‌ను పట్టుకునే చోటు లేనప్పుడు పొడవాటి పైపుతో నెమ్మదిగా తిప్పితే మోటారు కూడా నెమ్మదిగా దానితోపాటు తిరుగుతుంది, మర మీద బలం పడదు. తిరగకుండా ఆపాలంటే ఎవరో ఒకరు గేర్లనో ఫ్యాన్‌నో పట్టుకోవాలి, అప్పుడు నిలకడైన బలమంతా గేరు పళ్ల మీదికే పోతుంది.

చిన్న, చురుకైన దెబ్బకు లక్షణం వేరు. దెబ్బ తగిలిన ఆ కొద్ది క్షణంలో మోటారులో తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, తన జడత్వం వల్ల కదలడానికి మొరాయిస్తుంది. గేర్ల నిష్పత్తి ఎంత ఎక్కువైతే స్పిండిల్ దగ్గర ఆ జడత్వం ఆ నిష్పత్తి వర్గానికి సరిపడా పెద్దదిగా కనబడుతుంది. ఉలిబాడిత గారు తక్కువ వేగంలో పెట్టమన్నది ఇందుకే. కాబట్టి బరువైన సుత్తితో బాదడం కాక, మధ్యరకం సుత్తితో చురుగ్గా కొట్టడం సరైన పద్ధతి. రెండు మూడు దెబ్బలకు కదలకపోతే బలం పెంచకుండా ఆగి, కారణం వెతకాలి.

బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచ్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మేలు. అలెన్ కీ ముక్కనో షట్కోణపు బిట్‌నో చక్‌లో బిగించి దానికి రెంచ్ తగిలిస్తే, వెంటవెంటనే పడే చిన్న దెబ్బలతో చక్ వదులుతుంది.

సముద్రతీరం (తిరువొత్తియూరు)

అందరికీ ధన్యవాదాలు. నా డ్రిల్లులో వెనక్కి తిప్పే స్విచ్చి ఉంది. దవడలు తెరిచి చూస్తే అడుగున కాంక్రీటు పొడి గట్టిపడి బూడిద రంగు పొరలా కనిపించింది. స్క్రూ ఉన్న ఆనవాలే లేదు. సన్నని మొనతో గీకి, బ్రష్‌తో ఊడ్చిన తరువాత నక్షత్రం గాడి ఉన్న స్క్రూ తల బయటపడింది. దుకాణంవారు కొట్టి ఉంటే ఏమై ఉండేదో ఇప్పుడు అర్థమవుతోంది.

స్పిండిల్‌పై చదును భాగం లేదు. స్క్రూను సవ్యదిశలో తిప్పినా కదలడం లేదు, గాడి చెడిపోతుందేమో అని ఆగాను.

ఉలిబాడిత (వేళచ్చేరి)

ఆగడం మంచిది. స్క్రూడ్రైవర్ మొన గాడికి సరిగ్గా సరిపోయేది కావాలి, అరిగిన మొనతో మళ్లీ ప్రయత్నించవద్దు. చేతి ఇంపాక్ట్ డ్రైవర్ ఒకటి, అంటే వెనక సుత్తితో కొడితే మొన కొద్దిగా తిరిగే రకం, దొరికితే తెచ్చుకోండి. దాని దిశను సవ్యదిశకు మార్చి పెట్టడం మరవకండి. ఆ సాధనంతో అందరూ ఎప్పుడూ మామూలు స్క్రూలే విప్పుతారు కాబట్టి అది విప్పే దిశలో, అంటే అపసవ్య దిశలో పెట్టి ఉంటుంది.

విద్యుత్ మరమ్మతు (గిండీ)

ఆ స్క్రూకు తయారీలో మర తాళం జిగురు, అంటే మర వదులు కాకుండా పట్టి ఉంచేది, వేసి ఉండే అవకాశం ఎక్కువ. లాక్‌టైట్ 243 లాంటి నీలం రంగు మధ్యరకం జిగురు అయితే మామూలు పనిముట్లకే విడిపోతుంది. 271 లాంటి ఎర్ర రంగు గట్టి రకం అయితే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, వేడి మీద ఉండగానే విప్పాలి. హీట్ గన్‌తో చక్ మొత్తాన్ని వేడి చేస్తే పని సులువవుతుంది.

పాత ఫోర్‌మన్ (పెరంబూరు)

చక్ మొత్తాన్ని వేడి చేయడానికి నేను ఒప్పుకోను. వేడి స్పిండిల్ గుండా ముందు బేరింగుకు పోతుంది, గ్రీజు కరిగి కారుతుంది, బేరింగు సీలు, దాని వెనక ఉన్న ప్లాస్టిక్ తొడుగు దెబ్బతింటాయి. చక్‌ను ఎలాగూ పారేస్తాం, స్పిండిల్‌ను ఉంచుకుంటాం కదా. వేడి కావలసింది స్క్రూకు మాత్రమే. బలమైన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల గాడిలో కొన్ని నిమిషాలు ఆనించి ఉంచితే సరిపోతుంది. చిన్న స్క్రూ వేడెక్కడానికి ఎక్కువ సమయం పట్టదు. తరువాత వెంటనే విప్పాలి. చమురు రాసి ఉంటే మాత్రం ముందు పూర్తిగా తుడిచి, తలుపులు తెరిచి చేయండి, పొగ వస్తుంది.

స్క్రూ గాడి ఇప్పటికే చెడిపోయి ఉన్నవారికి ఒక మాట. ఎడమ మర స్క్రూ కాబట్టి, మామూలు డ్రిల్ బిట్‌తో దాని తల మధ్యలో రంధ్రం వేస్తే ఆ బిట్ తిరిగే దిశే విప్పే దిశ. తల తెగేలోపు చాలాసార్లు స్క్రూ తనంతట తానే తిరిగి బయటికి వస్తుంది. అదే సమయంలో బజారులో దొరికే మామూలు ఎక్స్‌ట్రాక్టర్లు ఇక్కడ పనికిరావు. అవి అపసవ్య దిశలో కొరుకుతాయి కాబట్టి ఈ స్క్రూను ఇంకా బిగిస్తాయి.

విద్యుత్ మరమ్మతు (గిండీ)

ఫోర్‌మన్ గారి సూచన నా దానికంటే మెరుగైనది. సోల్డరింగ్ ఐరన్ పద్ధతినే పాటించండి.

కొత్త ఇల్లు (మేడవాక్కం)

ఇదే చర్చలో అడుగుతున్నందుకు మన్నించండి, విషయం దగ్గరిదే. మాది బ్యాటరీ డ్రిల్లు, కీ లేని చక్. గోడకు రంధ్రాలు వేశాక 8 మి.మీ. బిట్ చక్‌లోనే ఇరుక్కుపోయింది. ముందు తొడుగును ఎంత తిప్పినా జారుతోందే తప్ప తెరుచుకోవడం లేదు. చక్ మొత్తాన్ని విప్పవలసి వస్తుందా?

అంబత్తూరు టర్నర్

విప్పనవసరం లేదు, ఇది వేరే జబ్బు. మీ చక్ స్పిండిల్‌ను వదలడం కాదు కావలసింది, దవడలు బిట్‌ను వదలాలి. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లే ఎన్నో డ్రిల్లులు పాడవుతున్నాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కీతో బిగించే రకం చక్‌కు ఆర్థర్ ఇర్వింగ్ జేకబ్స్ అమెరికాలో 1902లో పేటెంట్ పొందారు. చక్ శరీరంలో ఏటవాలుగా మూడు రంధ్రాలు ఉంటాయి, వాటిలో మూడు దవడలు జారుతాయి. దవడల వెనక మర పళ్లు ఉంటాయి, వాటిని ఒక నట్ చుట్టి ఉంటుంది, ఆ నట్ బయటి తొడుగులో బిగిసి ఉంటుంది. తొడుగు తిరిగితే నట్ తిరుగుతుంది, దవడలు ముందుకో వెనక్కో జరుగుతాయి. కీ లేని చక్‌లో చేతి బలంతోనే ఇదంతా జరగాలి, కానీ గోడ పనిలో కదలిక వల్ల తొడుగు తనంతట తాను మరింత బిగుసుకుంటుంది. దానికి తోడు కాంక్రీటు పొడి ఆ ఏటవాలు రంధ్రాలలో చేరి దవడలను ఒత్తుతుంది.

మీరు చేయవలసింది ఇది. బ్యాటరీ తీసేయండి. చక్ నేలవైపు చూసేలా పట్టుకుని, దవడల చుట్టూ పొడిని బ్రష్‌తో దులపండి. తుప్పు వదిలించే సన్నని నూనెను దవడల సందుల్లో కొద్దిగా వేసి, తొడుగు చుట్టూ చెక్క సుత్తితో అంతటా తేలికగా తట్టండి. చాలా చక్‌లు ఇంతటితోనే వదులుతాయి. వదలకపోతే, తొడుగు మీద పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పైప్ రెంచ్‌తో పట్టుకోండి. మీ చక్‌కు రెండు తొడుగులు ఉంటే వెనకదాన్ని ఒక రెంచ్‌తో, ముందుదాన్ని ఇంకొక రెంచ్‌తో. ఒకటే తొడుగు ఉంటే స్పిండిల్ దానంతట అదే ఆగుతుంది. కొన్ని చక్‌లకు లోపల పళ్లు టిక్‌టిక్‌మనే లాక్ ఉంటుంది, విప్పే దిశలో మొదటి చప్పుడు వచ్చేదాకా బలం పెట్టాలి, తరువాత తేలికగా తిరుగుతుంది. ప్లాస్టిక్ తొడుగును పళ్ల ప్లయర్‌తో నేరుగా పట్టుకోకండి, పగులుతుంది.

ఇంటర్నెట్‌లో మరో పద్ధతి తరచు చూపిస్తారు. తొడుగును చేత్తో పట్టుకుని, మోటారును వెనక్కి తిప్పడం. తొడుగును చేత్తో పట్టుకుని ఆ పని చేయవద్దు. మణికట్టు మెలితిరిగి, వేళ్లు బిట్ గాడికి తగిలి తెగినవాళ్లు ఉన్నారు. చేయాలనే అనుకుంటే తొడుగును చెక్కముక్కల మధ్య వైస్‌లో బిగించి, క్లచ్‌ను డ్రిల్లు గుర్తు మీద, గేరును తక్కువ వేగంలో పెట్టి, రెండు చేతులతో డ్రిల్లును గట్టిగా పట్టుకుని, స్విచ్చిని ఒక్క క్షణం మాత్రం నొక్కాలి.

కొత్త ఇల్లు (మేడవాక్కం)

ఎంతో కృతజ్ఞతలు. నూనె వేసి, చెక్కతో తట్టి, ట్యూబు చుట్టిన పైప్ రెంచ్‌తో తిప్పగానే టిక్కుమని వదిలింది. బిట్ బయటికి వచ్చింది.

పాత ఫోర్‌మన్ (పెరంబూరు)

సంతోషం. ఇప్పుడు ఆ నూనెను పూర్తిగా తుడిచేయండి. లోపల తడి ఉంటే తరువాతి గోడ పనిలో పొడి దానికి అంటుకుని ముద్దగా తయారవుతుంది, ఈసారి ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. నూనె వేయడం విప్పడానికే, నిలవ ఉంచడానికి కాదు. గోడ రంధ్రాలు వేసిన ప్రతిసారీ చక్‌ను కిందికి వంచి దవడలను ఒకసారి పూర్తిగా తెరిచి మూస్తే పొడి రాలిపోతుంది.

సముద్రతీరం (తిరువొత్తియూరు)

నా పని కూడా పూర్తయింది. సోల్డరింగ్ ఐరన్‌ను స్క్రూ గాడిలో కొంతసేపు ఉంచి, సరైన మొనతో సవ్యదిశలో తిప్పితే స్క్రూ మెల్లగా కదిలింది. దాని మర మీద ఎర్రటి పొడి అంటుకుని ఉంది, గట్టి రకం జిగురే అయి ఉంటుంది. చక్ వెనక సందులో, చక్‌ను నేలవైపు ఉంచి, సన్నని నూనె వేసి ఆ రాత్రి అలాగే వదిలాను. మరునాడు ఉలిబాడిత గారు చెప్పిన తీరులో అలెన్ కీ పెట్టి కొట్టాను, చక్ వదిలింది. స్పిండిల్ నిటారుగానే తిరుగుతోంది.

ఇప్పుడు కొత్త చక్ కొనడానికి చెన్నై బ్రాడ్‌వే వైపు వెళ్తున్నాను. 13 మి.మీ. అని చెబితే చాలా?

అంబత్తూరు టర్నర్

చాలదు. 13 మి.మీ. అంటే అది పట్టగల బిట్ లావు మాత్రమే. స్పిండిల్ మర కొలత వేరుగా చెప్పాలి. ఇళ్లలో వాడే 13 మి.మీ. డ్రిల్లులకు సాధారణంగా అర అంగుళం, అంగుళానికి 20 మరలు ఉండే యూఎన్ఎఫ్ (సన్నని మర) రకం వస్తుంది; 10 మి.మీ. డ్రిల్లులకు మూడు బై ఎనిమిది అంగుళాలు, అంగుళానికి 24 మరలు. పాత చక్ మీద ఈ అంకెలు చెక్కి ఉంటాయి, తుప్పు తుడిచి చదవండి. అంకెలు కనబడకపోతే పాత చక్‌నే తీసుకువెళ్లండి. లింగిచెట్టి వీధిలో పనిముట్ల దుకాణాలవారు దాన్ని చూసి సరైనది ఇస్తారు. కొనేటప్పుడు ఇంకొక విషయం చూడండి. మధ్యలో స్క్రూ దూరే రంధ్రం ఉన్న చక్ కావాలి, ఆ రంధ్రం లేని రకాలు కూడా అమ్ముతారు. అవి వెనక్కి తిరిగే డ్రిల్లుకు పనికిరావు.

కంబం చెట్టు (తాంబరం)

నాకు బల్ల మీద నిలబెట్టే డ్రిల్లింగ్ మెషిన్ ఉంది. ఇందులో కూడా ఇదే పద్ధతి వాడవచ్చా? లోపల స్క్రూ ఏదీ కనిపించలేదు.

పాత ఫోర్‌మన్ (పెరంబూరు)

వాడకండి. మీ మెషిన్‌లో మర అనేదే ఉండకపోవచ్చు. నిలువు మెషిన్లలో చక్‌ను సాధారణంగా టేపర్ మీద, అంటే కొనదేరిన ఉక్కు కడ్డీ మీద, ఒత్తిడితోనే నిలుపుతారు. దానిని తిప్పి విప్పలేరు, అలెన్ కీ పెట్టి కొడితే బేరింగులే పోతాయి. స్పిండిల్ పక్కన పొడవాటి గాడి కనిపిస్తే అది మోర్స్ టేపర్. చక్ కింద చెక్క పెట్టి, ఆ గాడిలో డ్రిఫ్ట్ అనే చదునైన చీలను దూర్చి తేలికగా తట్టితే చక్ కడ్డీతో సహా కిందికి ఊడిపడుతుంది. గాడి లేకపోతే చక్‌కూ స్పిండిల్‌కూ మధ్య సందులో రెండు వైపుల నుంచి ఒకేసారి ఒకే జత చీలలను ఎదురెదురుగా నొక్కాలి. ఒకే వైపు కొడితే స్పిండిల్ వంగుతుంది. మళ్లీ బిగించే ముందు టేపర్ రెండు ముఖాలనూ నూనె లేకుండా తుడవాలి, నూనె ఉంటే పని మధ్యలో జారుతుంది.

సముద్రతీరం (తిరువొత్తియూరు)

కొత్త చక్ బిగించాను. స్పిండిల్ మరను ఇత్తడి బ్రష్‌తో తుడిచి, తుప్పు పట్టకుండా పలుచగా గ్రీజు రాశాను. అదే అలెన్ కీతో బిగించే దిశలో ఒక్క తేలికపాటి దెబ్బ వేశాను. పాత స్క్రూనే తిరిగి వేసి, దాని మరకు నీలం రంగు జిగురు ఒక చుక్క వేసి, అపసవ్య దిశలో బిగించాను. 4 మి.మీ. బిట్ కూడా జారకుండా పట్టుకుంటోంది. ఒక ప్రశ్న మిగిలింది. ఈ స్క్రూ ఎప్పుడైనా పోతే ఎక్కడ దొరుకుతుంది?

ఉలిబాడిత (వేళచ్చేరి)

మామూలు హార్డ్‌వేర్ కొట్లలో ఎడమ మర స్క్రూ చాలామట్టుకు ఉండదు. డ్రిల్లు విడిభాగాలు అమ్మేవారి దగ్గర చక్ స్క్రూ అని అడగండి. ఎక్కువగా 5 లేదా 6 మి.మీ. లావులో ఉంటుంది, పాత స్క్రూ చూపిస్తే పొడవు సరిపోల్చి ఇస్తారు. మామూలు కుడి మర స్క్రూను బలవంతంగా ఎక్కించడానికి మాత్రం ప్రయత్నించవద్దు. స్పిండిల్ లోపలి మర పోతే ఆ తరువాత స్పిండిల్‌నే మార్చవలసి వస్తుంది.